వీధి దీపాలకు, డివైడర్ మీది మొక్కలకు మనమే చందా వేసుకుంటే: కాలిఫోర్నియాలో అసెస్‌మెంట్ డిస్ట్రిక్ట్ ఏర్పాటుకు మార్గదర్శి

కాలిఫోర్నియాలో సొంతిల్లు ఉన్నవారికి ఏటా శరదృతువులో కౌంటీ నుంచి ఆస్తిపన్ను బిల్లు వస్తుంది. ఎస్క్రో ఖాతాలోంచి, అంటే ఇంటి అప్పు వాయిదాతో పాటు పన్నుకోసం జమయ్యే ఖాతాలోంచి, బ్యాంకే కడుతుంది కదా అని చాలామంది చివరి అంకె చూసి సొరుగులో పడేస్తారు. ఈసారి పడేయకుండా కాస్త కిందికి చదవండి. ఇంటి విలువ మీద వేసే పన్ను తర్వాత చిన్న అక్షరాల్లో వరసగా కొన్ని పద్దులు ఉంటాయి. ఒక్కోదాని పక్కన ఒక ఫోను నంబరు, ఒక మొత్తం కనిపిస్తాయి. వాటిలో "ల్యాండ్‌స్కేపింగ్ అండ్ లైటింగ్" అనో "మెయింటెనెన్స్ అసెస్‌మెంట్" అనో ఉన్నదే ఈ వ్యాసానికి విషయం. మీ పేట రోడ్డు మధ్యలో పూలమొక్కలు బతికి ఉన్నాయంటే, బహుశా ఆ పద్దు వల్లే.

మన ఊళ్లలో ఆస్తిపన్నులోనే దీపాల పన్ను, పారిశుద్ధ్యం పన్ను కలిసి ఉంటాయి. వీధిలో బల్బు వెలగకపోతే మున్సిపాలిటీని తిట్టుకుంటాం, అక్కడితో సరి. కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. నగరం ఇచ్చే కనీస సేవ చాలదనుకున్న పేటవాళ్లు తమ సరిహద్దు తామే గీసుకుని, తమ మీద తామే అదనపు చార్జీ వేసుకుని, ఆ డబ్బు ఆ సరిహద్దులోపలే ఖర్చయ్యేలా చట్టబద్ధంగా కట్టుదిట్టం చేసుకోవచ్చు. దాన్నే స్పెషల్ అసెస్‌మెంట్ డిస్ట్రిక్ట్ అంటారు. పేరు చూసి జిల్లా అనుకోకండి. నాలుగు వీధులు కూడా ఒక డిస్ట్రిక్ట్ కావచ్చు.

ఇదెందుకు పుట్టిందో రెండు ముక్కల్లో చెప్తాను. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 13 ఆస్తిపన్నును మదింపు విలువలో ఒక శాతానికి కట్టేసింది. ఇల్లు చేతులు మారితే తప్ప ఆ విలువ ఏటా రెండు శాతానికి మించి పెరగకూడదంది. ఖజానా సన్నబడేసరికి నగరాలు ముందుగా కోసింది పార్కులను, చెట్లను. అప్పటికే 1972 నాటి ల్యాండ్‌స్కేపింగ్ అండ్ లైటింగ్ చట్టం ఉంది. నగరాలు దాన్ని గట్టిగా పట్టుకున్నాయి, కొన్నిచోట్ల అతిగా వాడుకున్నాయి. దానికి విరుగుడుగా 1996 నవంబరులో ఓటర్లు ప్రతిపాదన 218ని నెగ్గించి, ఆస్తి యజమానుల ఆమోదం లేనిదే ఇలాంటి చార్జీ వేయకూడదని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాయించారు. కింద చెప్పే మెట్లన్నిటికీ మూలం ఈ 218.

మొదటి మెట్టు ఎక్కకముందే తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఈ ఓటు పౌరులది కాదు, యజమానులది. మీరు హెచ్-1బి వీసా మీద ఉన్నా, గ్రీన్‌కార్డు వరసలో పదేళ్లుగా నిలబడి ఉన్నా, ఇంటి పత్రంలో మీ పేరుంటే చాలు, బ్యాలట్ మీ ఇంటికే వస్తుంది. ఫ్రీమాంట్‌లో, శాన్ రామన్‌లో, ఫాల్సమ్‌లో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లలో ఎంతోమందికి అమెరికాలో తమ పేరున వచ్చే మొదటి బ్యాలట్ ఇదే కావచ్చు. దాన్ని ప్రకటన కాగితమనుకుని చెత్తబుట్టలో వేసేవాళ్లూ ఉన్నారు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కవరు మీద "అఫీషియల్ బ్యాలట్ ఎన్‌క్లోజ్డ్" అని కనీసం 16 పాయింట్ల లావు అక్షరాల్లో ఉండాలని చట్టమే చెబుతోంది.

మొదటి మెట్టు: లోటు ఏమిటో, అది ఎవరి స్థలంలో ఉందో తేల్చుకోండి

ఒక శనివారం పొద్దున్నే ఇద్దరు ముగ్గురు కలిసి కాగితం పట్టుకుని పేటంతా నడవండి. ఎండిన చెట్లు ఎన్ని, వెలగని దీపాలు ఎన్ని, పగిలిన స్ప్రింక్లర్లు ఎక్కడెక్కడ, వాలుగట్టు మీద పిచ్చిమొక్కలు ఎంత దూరం పెరిగాయి, అన్నీ రాసుకోండి. పక్కనే ఆ జాగా ఎవరిదో కూడా రాయండి. గృహయజమానుల సంఘం, అంటే హెచ్‌ఓఏ ఆస్తి అయితే ఆ గొడవ సంఘం బడ్జెట్‌లోనే తేలాలి, డిస్ట్రిక్ట్‌కు సంబంధం లేదు. నగరం ఆధీనంలో ఉన్న డివైడర్లు, పార్కులు, దీపాలు, కాలిబాట పక్కన పచ్చికపట్టీలు అయితేనే ముందుకు వెళ్లండి.

తర్వాత నగర ప్రజాపనుల విభాగానికి ఒకే ఒక ప్రశ్న రాతపూర్వకంగా పంపండి: మా పేటకు ఇప్పుడు మీరు ఇస్తున్న సేవ ఏ మేరకు? గడ్డి నెలకెన్నిసార్లు కోస్తున్నారు, చెట్లు ఎన్నేళ్లకొకసారి కత్తిరిస్తున్నారు, దీపం చెడితే ఎన్ని రోజుల్లో బాగుచేస్తున్నారు. ఈ జవాబును భద్రంగా దాచుకోండి. డిస్ట్రిక్ట్ డబ్బు దీనికి పైన జరిగే పనికే వెళ్లాలి. రేపు నగరం తన వంతు పని మెల్లగా తగ్గించుకుని మీ డబ్బుతో ఆ ఖాళీ పూడ్చాలని చూస్తే, అడ్డుకోవడానికి మీ చేతిలో ఉండే ఆధారం ఈ ఒక్క ఉత్తరమే.

రెండో మెట్టు: ఏ చట్టం కింద?

ఇళ్లున్న పేటకు మామూలుగా 1972 చట్టమే సరిపోతుంది. సాన్ డియాగోలాంటి నగరాలు తమ సొంత నిబంధనలు రాసుకుని వీటిని మెయింటెనెన్స్ అసెస్‌మెంట్ డిస్ట్రిక్ట్‌లని పిలుస్తాయి. దుకాణాల వీధి అయితే 1994 నాటి ఆస్తి, వ్యాపార అభివృద్ధి డిస్ట్రిక్ట్ చట్టం ఉంది. దాని కింద మొత్తం చార్జీలో సగానికి మించి కట్టబోయే యజమానులు సంతకాలు చేస్తేనే ప్రక్రియ మొదలవుతుంది. సాన్ ఫ్రాన్సిస్కో తన పరిధిలో దీన్ని 30 శాతానికి దించుకుంది. అయితే నివాసాలకు మాత్రమే కేటాయించిన స్థలాలకు ఈ వ్యాపార డిస్ట్రిక్ట్ వల్ల లబ్ధి లేదన్నదే చట్టం తీసుకున్న వైఖరి కాబట్టి, ఇళ్ల పేటవాళ్లకు ఇది పనికిరాదు.

మెల్లో-రూస్ అనే మాట కూడా వినే ఉంటారు. 1982లో వచ్చిన ఆ చట్టం కింద వేసేది అసెస్‌మెంట్ కాదు, ప్రత్యేక పన్ను. దానికి మూడింట రెండు వంతుల ఓటు కావాలి. సరిహద్దులో నమోదైన ఓటర్లు 12 మంది కూడా లేకపోతే భూమి యజమానులే ఎకరాల లెక్కన ఓటేస్తారు. కొత్త కాలనీల్లో ఆ పన్ను ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. అక్కడ ఇంకా దుమ్ము లేస్తున్నప్పుడే బిల్డర్ తన పొలానికి తానే ఓటేసుకున్నాడు. మనం తాళాలు అందుకునేసరికి పన్ను గుమ్మంలో నిలబడి ఉంది.

టెక్సస్‌లో, అంటే ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉన్న మనవాళ్లకు లెక్కలు వేరు. అక్కడ పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్‌కు అర్జీయే కీలకం. ఆస్తుల మదింపు విలువలో సగానికి మించి ఉన్నవారు సంతకం చేయాలి. దానితోపాటు యజమానుల సంఖ్యలో గానీ విస్తీర్ణంలో గానీ సగం దాటాలి. ఈ వ్యాసం కాలిఫోర్నియాకే పరిమితం.

మూడో మెట్టు: కౌన్సిల్ సభ్యుడు, ఆరంభ ఖర్చు

1972 చట్టం ప్రకారం ప్రక్రియను తీర్మానంతో మొదలుపెట్టేది నగర కౌన్సిల్. కాబట్టి మీ ప్రాంత ప్రతినిధి దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లవద్దు. ఆ నడక జాబితా, నాలుగైదు ఫొటోలు, సుముఖంగా ఉన్న ఇళ్ల సంతకాలు తీసుకువెళ్లండి. చట్టం అడగకపోయినా ఊళ్లో మద్దతు ఉందని చూపే అర్జీ లేనిదే చాలా నగరాలు కదలవు. ఇంజనీర్ రుసుము, తపాలా, సిబ్బంది సమయం ఎవరు భరిస్తారో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఓటింగులో ఓడిపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఈ మాట ముందే పేటవాళ్ల చెవిన వేయండి. తర్వాత తెలిస్తే కమిటీలో ఉన్నవాళ్లకు దసరా పలకరింపులు కూడా కరువవుతాయి.

నాలుగో మెట్టు: ఇంజనీర్ నివేదిక

మొత్తం వ్యవహారానికి గుండెకాయ ఇదే. రాష్ట్రంలో నమోదైన వృత్తి ఇంజనీర్ ఈ నివేదిక రాయాలి. ఏ పనులు, ఎంత ఖర్చు, ఏ స్థలాలు, ఎవరికి ఎంత అన్నవన్నీ పటంతో సహా ఇందులో ఉంటాయి. ఇంజనీర్ తేల్చాల్సిన చిక్కు మాత్రం ఒకటే. చార్జీ ప్రత్యేక లబ్ధికే వేయాలి, సాధారణ లబ్ధికి వేయకూడదు.

డివైడర్ మీద ఒక చెట్టు ఉందనుకోండి. దాని నీడ, అందం ఎదురింటివారికి ప్రత్యేకంగా దక్కుతాయి. కానీ ఆ రోడ్డు మీద ఆఫీసుకు వెళ్లే పక్క ఊరివాడు కూడా ఆ చెట్టును చూసుకుంటూనే వెళ్తాడు. అతని వాటా సాధారణ లబ్ధి. దాన్ని మీ నెత్తిన వేయకూడదు. నగరమో మరొకరో భరించాలి. ఆ వాటా ఎంతో లెక్కగట్టి చూపాలి. "స్వల్పం" అని రాసి దాటేసిన నివేదికలు కోర్టులో నిలబడలేదు. ఆస్తి విలువ పెరుగుతుందన్న మాటొక్కటే ప్రత్యేక లబ్ధి కిందికి రాదని 218లోనే ఉంది.

ఇప్పుడు ఒక ఊహా పేట తీసుకుని లెక్క వేద్దాం. 240 విడి ఇళ్లు, 80 కాండోలు (సొంత ఫ్లాట్లు), ఒక దుకాణాల సముదాయం, ఒక ప్రభుత్వ పాఠశాల ఉన్నాయి. విడి ఇంటికి దక్కే లబ్ధిని ఒక యూనిట్ అనుకుంటే కాండోకు 0.75 యూనిట్. దుకాణాల సముదాయానికి 20, పాఠశాలకు 10 యూనిట్లు. మొత్తం 330. గమనించండి, ఇంటి మార్కెట్ ధర ఈ లెక్కలోకి రానే రాదు. ఇరవై ఏళ్ల క్రితం కొన్నవారూ నిన్న కొన్నవారూ ఒకటే కడతారు. బడిని వదిలేయకూడదు. లబ్ధి లేదని స్పష్టమైన, తిరుగులేని సాక్ష్యం ఉంటే తప్ప ప్రభుత్వ ఆస్తికి మినహాయింపు లేదు.

ఏడాది ఖర్చు: తోటపని కాంట్రాక్టు 48,000 డాలర్లు, నీళ్లు 26,000, చెట్ల కత్తిరింపు 10,000, దీపాలు 9,000, కౌంటీ రుసుములతో కలిపి నిర్వహణ 9,000, అక్కరకు దాచేది 8,000. వెరసి 1,10,000. ఇంజనీర్ సాధారణ లబ్ధిని 10 శాతంగా తేల్చాడనుకుందాం. ఆ 11,000 నగరం వాటా. మిగిలిన 99,000ను 330తో భాగిస్తే యూనిట్‌కు 300 డాలర్లు. విడి ఇంటికి 300, కాండోకు 225, దుకాణాల సముదాయానికి 6,000, బడికి 3,000.

మొదటి ముసాయిదా రాగానే నీళ్ల పద్దు చూడండి. చాలామంది దాన్ని వదిలేసి తోటమాలి జీతం దగ్గర గీచిగీచి బేరమాడతారు. కాలిఫోర్నియాలో కరువు ఏడాది వస్తే నీళ్ల ధర మీ చేతిలో ఉండదు. పచ్చిక బదులు నీరు తక్కువ తాగే స్థానిక మొక్కలకు మారే ఖర్చును తొలి ఏడాదుల బడ్జెట్‌లోనే పెట్టించడం తెలివైన పని.

ఇంకొకటి, వార్షిక పెంపు. జీవన వ్యయ సూచీతో పాటు చార్జీ పెరుగుతుందని, దానికొక గరిష్ఠ శాతాన్ని పెట్టి, బ్యాలట్‌లోనే ఆమోదం తీసుకుంటే తర్వాత ఆ మేరకు పెంచడానికి మళ్లీ ఓటింగు అక్కర్లేదు. ఏటా మూడు శాతం చొప్పున 300 పదేళ్లలో 403 అవుతుంది. "పెంపా? వద్దే వద్దు" అని మొదటి సమావేశంలోనే గొంతులు లేస్తాయి. ఓట్ల కోసం ఆ మాటకు లొంగకండని నా సలహా. పెంపు లేకుండా ఏర్పడిన పాత డిస్ట్రిక్ట్‌లలో చార్జీ ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది, కూలి రేట్లు పెరిగాయి. వారానికొకసారి జరిగే పని నెలకొకసారికి జారింది. కడుతున్నవాళ్లకు డబ్బు పోతూనే ఉంది, పచ్చదనం మాత్రం లేదు.

ఐదో మెట్టు: నోటీసు, నలభై అయిదు రోజులు

నివేదికను కౌన్సిల్ ప్రాథమికంగా ఆమోదించి ఉద్దేశ తీర్మానం చేశాక ప్రతి యజమానికీ తపాలాలో నోటీసు, బ్యాలట్ వెళ్తాయి. మొత్తం చార్జీ, మీ స్థలం వాటా, ఎన్నేళ్లు, ఎందుకు, ఏ లెక్కన, బహిరంగ విచారణ ఎప్పుడు, ఎక్కడ అన్నవన్నీ అందులో ఉండాలి. తపాలాలో వేసిన నాటికీ విచారణకూ మధ్య కనీసం 45 రోజుల గడువు ఉండాలి.

ఈ రోజుల్లో మీ పని ఇంటింటికీ తిరగడమే. ఇంజనీర్ నివేదికను రెండు పేజీలకు కుదించి పట్టుకెళ్లండి. దేశంలో లేని యజమానులను మరవకండి. ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాదు తిరిగి వెళ్లినవారి బ్యాలట్ కౌంటీ పన్ను రికార్డులో ఉన్న చిరునామాకే వెళ్తుంది. ఆ చిరునామా పాతదైతే ఆ ఓటు గాలికి పోయినట్టే. అద్దెకున్నవారికి మామూలుగా ఓటు ఉండదు, ఒప్పందం ప్రకారం ఆ చార్జీని నేరుగా వాళ్లే కట్టాల్సి ఉంటే తప్ప. సంతకం లేని బ్యాలట్ లెక్కలోకి రాదు. భార్యాభర్తల్లో ఒక్కరే పంపినా ఆ స్థలం మొత్తం బరువూ లెక్కిస్తారు. ఇద్దరూ పంపి ఒకరు అవునని, మరొకరు కాదని రాస్తే యాజమాన్య వాటాల ప్రకారం చీలుస్తారు. (అలాంటి ఇళ్లలో ఆ సాయంత్రం ఏం జరిగిందో ఇంజనీర్ నివేదికకు అందని విషయం.)

ఆరో మెట్టు: విచారణ, లెక్కింపు

విచారణ ముగిసేదాకా బ్యాలట్లు మూసిన కవర్లలోనే ఉండాలి. ఆలోపు మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. లెక్కింపు మొదలయ్యాక అవి ప్రజా రికార్డులు, ఎవరైనా చూడవచ్చు. పొరుగువారు ఎలా ఓటేశారో బయటపడుతుందన్నమాట. సాధారణ ఎన్నికల్లాంటి గోప్యత దీనికి లేదని అందరికీ ముందే చెప్పండి.

ఓటు బరువు తలల లెక్కన కాదు, డాలర్ల లెక్కన. పైగా తిరిగి వచ్చిన బ్యాలట్లనే లెక్కిస్తారు. మన ఊహా పేటకే మళ్లీ వెళ్దాం. విడి ఇళ్లలో 90 అవును, 60 కాదు. కాండోల్లో 20 అవును, 16 కాదు. దుకాణాల యజమాని కాదన్నాడు, బడి అవునంది. అవును వైపు 27,000, 4,500, 3,000 కలిపి 34,500. కాదు వైపు 18,000, 3,600, 6,000 కలిపి 27,600. నెగ్గింది.

అదే పాఠశాల బోర్డు ఈ విషయంలో తలదూర్చకూడదనుకుని బ్యాలట్ పంపలేదనుకోండి. అవును అనాల్సిన 13 ఇళ్లవాళ్లు వేసవి సెలవులకు ఊరు వెళ్లి కవరు చూసుకోలేదనుకోండి. అవును వైపు కూడా సరిగ్గా 27,600 అవుతుంది. వ్యతిరేకత మద్దతును మించితేనే ప్రతిపాదన ఓడినట్టు లెక్క, కాబట్టి సమానమైనా గట్టెక్కుతుంది. పద్నాలుగో ఇల్లు కూడా మరిచిపోతే మునుగుతుంది. దుకాణాల యజమాని ఒక్కడి ఓటు ఇరవై ఇళ్ల ఓట్లకు సమానం కనుక, ఇంటింటి ప్రచారం కంటే ముందు ఆయనతో కూర్చుని కాఫీ తాగడమే మంచిది.

వ్యతిరేకత మించితే కౌన్సిల్‌కు ఇష్టమున్నా చార్జీ వేయడానికి వీల్లేదు. నెగ్గితే డిస్ట్రిక్ట్‌ను ఏర్పరుస్తూ తీర్మానం చేస్తుంది. ఆగస్టులో పద్దులు కౌంటీ ఆడిటర్‌కు చేరతాయి, ఆ శరదృతువు బిల్లులో కనిపిస్తాయి. మొదటి వాయిదా డిసెంబరు 10 లోపు, రెండోది ఏప్రిల్ 10 లోపు కట్టాలి. వెనక్కి లెక్కపెట్టుకుంటే విచారణ జూన్, జూలైల్లో, తపాలా ఏప్రిల్, మేల్లో, ఇంజనీర్ పని శీతాకాలంలో జరగాలి. అంటే ఏడాది ముందుగా నడక మొదలుపెట్టాలి. ఏడాదిన్నర అనుకుంటే ఇంకా నయం.

నెగ్గాక కూడా కోర్టు ఉంది

సాన్ డియాగోలో గ్రేటర్ గోల్డెన్ హిల్ డిస్ట్రిక్ట్ 2007లో ఏర్పడింది. పేటవాళ్లలోనే కొందరు దావా వేశారు. 2011లో అప్పీలు కోర్టు ఆ డిస్ట్రిక్ట్ చార్జీనే కొట్టేసింది. నివేదిక సాధారణ, ప్రత్యేక లబ్ధులను సరిగా విడదీసి లెక్కగట్టలేదని, నగరం తన సొంత స్థలాల ఓట్లకు ఇచ్చుకున్న బరువుకు ఆధారం లేదని తప్పుపట్టింది. అంతకుముందు 2008లో సాంటా క్లారా కౌంటీ ఓపెన్ స్పేస్ అథారిటీ (బహిరంగ ప్రకృతి స్థలాలను చూసే సంస్థ) కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇలాంటి చార్జీలను కోర్టులు స్వతంత్రంగా పరిశీలించాలని, నిరూపించే భారం ప్రభుత్వ సంస్థదేనని తేల్చింది. అందుకే ముసాయిదా చదివేటప్పుడు మీ పేటలోని గట్టి వ్యతిరేకి చేత కూడా చదివించండి. అతను పట్టే తప్పు ఇప్పుడైతే ఉచితం.

ఏటేటా చూసుకోవాల్సినవి

పని నగరమే చేయవచ్చు, లేదా ఒప్పందం మీద పేట లాభాపేక్షలేని సంస్థకు అప్పగించవచ్చు. సాన్ డియాగోలోనే లిటిల్ ఇటలీలో పేట సంఘం తన డిస్ట్రిక్ట్‌ను తానే నడుపుతోంది. సొంతంగా నడిపితే కాంట్రాక్టరు మీద పట్టు ఉంటుంది కానీ బీమా, ఆడిట్, టెండర్లు, బహిరంగ సమావేశాల నిబంధనలు అన్నీ మీ మెడకే చుట్టుకుంటాయి. సాయంత్రాలు ఖాళీగా ఉన్న ఇద్దరు విశ్రాంత ఉద్యోగులు దొరికితేనే ఆ దారి పట్టండి.

పన్ను రిటర్నుల దగ్గర ఒక చిన్న గమనిక. ఇలాంటి స్థానిక చార్జీల్లో నిర్వహణకు, మరమ్మతుకు, వడ్డీకి పోయే భాగం తప్ప మిగతాది ఫెడరల్ పన్నులో తగ్గించుకోవడానికి వీల్లేదు. బిల్లు మొత్తాన్ని గుడ్డిగా ఎక్కించకుండా మీ అకౌంటెంటును అడగండి.

చార్జీని కొనసాగించడానికి కౌన్సిల్ ఏటా కొత్త నివేదిక తెప్పించుకుని, మళ్లీ విచారణ జరపాలి. జూలై 1న ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి ఇది వసంతం, వేసవి నెలల్లో వస్తుంది. హాలులో సాధారణంగా కుర్చీలే ఉంటాయి, మనుషులు ఉండరు. మీరు వెళ్లండి. నివేదికలో మూడు అంకెలు వెతకండి: గరిష్ఠంగా వేయదగ్గ రేటు, ఈ ఏడు నిజంగా వేస్తున్న రేటు, దాచిన నిల్వ. నిల్వ ఏటికేడు పెరుగుతూ ఉండి దీపాలు వెలగకపోతే పని జరగడం లేదని అర్థం. నిల్వ కరుగుతుంటే రెండు మూడేళ్లలో సేవలు కోయడమో మళ్లీ బ్యాలట్‌కు వెళ్లడమో తప్పదు. అసలు ఈ డిస్ట్రిక్టే వద్దనుకుంటే, సంతకాలు సేకరించి ఓటర్ల ప్రతిపాదన ద్వారా చార్జీని తగ్గించే లేదా ఎత్తేసే దారి కూడా 218 ఇచ్చింది. కాకపోతే అక్కడ ఓటు నమోదైన ఓటర్లది. బ్యాలట్ అందుకుని డిస్ట్రిక్ట్‌ను నెగ్గించిన హెచ్-1బి యజమానికి దాన్ని ఎత్తేసే ఎన్నికలో ఓటు లేదు.